గుట్ట మీది అమ్మ ముందర తట్ట

రేపు మీ శాలె టీచర్లు బసది గుట్టకు పిల్చుకపోతాండారంట కదా, ఆడ దొన పక్కన ఒక నిలువు రాయి ఉండాది, అందులో ఒకమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చోనుంటుంది, ఆమె ముందర పీట మీద ఏముందో చెప్పండి చూద్దాం? తట్టనా? సరే తేజస్, నీ మాదిరే ఊరంతా అన్నం తినే తట్టే అనుకుండె. ముందు నీ తట్టలో అన్నం ఖాళీ చెయ్యి. అనఘా, ఫోను పక్కన పెట్టమ్మా, ఇది అందులో ఉండదు. మొదట గుట్ట సంగతి, తర్వాత మనిషి సంగతి. బసది అంటే జైనుల గుడి. కప్పు ఎప్పుడో పడిపోయింది, నాలుగు కంబాలు మిగిలినాయి. పక్కన బండలో తొలిచిన రెండు పాదాలు, వాననీళ్ళు నిలిచే దొన. వెనకటి కాలంలో మునులు ఆడ ఉండిరంట.

ఇంక మనిషి. చౌడమ్మ అని, నేను పనిచేసిన శాలెలో కసువు చిమ్మే ఆమె. కూతురు భాను ఏడేండ్లకే జ్వరమొచ్చి పోయింది. అప్పటినుంచి చౌడమ్మ దినామూ మధ్యాహ్నం రాగి సంకటి ముద్ద తీసుకపోయి ఆ రాయి ముందర పెట్టి వస్తాండె. ‘తట్ట వట్టిగా ఉండాది టీచరమ్మా, ఎప్పటినుంచి కూచుండాదో పాపం’ అనేది. మా హెడ్మేష్ట్రు బైరప్ప ఊరుకునేవాడా, ‘ఏం చౌడమ్మా, మీ అమ్మ ఈపొద్దు సంకటిలోకి ఊరిబిండి అడగలేదా?’ అంటే, ‘మీ మాదిరి నోరు లేదులే సామీ ఆయమ్మకు’ అనె. అట్లా ఇరవై ఏండ్లు. ఒకసారి బెంగళూరు నుంచి శాసనాలు చదివేవాళ్ళు వచ్చిరి. అది తట్ట కాదంట, పుస్తకం. ఆ రాయిలోని అమ్మ ముసలితనంలో అన్నం వదిలేస్తానని వ్రతం పట్టి, పుస్తకం వింటా వింటా ప్రాణం విడిచిందంట. అట్లాంటి వాళ్ళ గుర్తుకు నిలిపే రాయిని నిసిధి అంటారు, రాసుకోండి. నాకు తెలిసింది చెప్పకుంటే నిద్ర పట్టదు కదా, మరుసటి దినమే బోర్డు మీద బొమ్మ గీసి పిల్లోళ్ళకు చెప్పినా. చౌడమ్మ వాకిట్లో పొరక పట్టుకుని వింటాండాది. నేను చూసుకోలేదు.

ఆ మధ్యాహ్నం వట్టి చేతులతో గుట్టెక్కింది. నాకు భయమేసి వెనకే పోతిని. రాయి ముందర కూర్చోనుంది. ‘నేను చెప్పకుండా ఉండాల్సింది’ అంటే, ‘మీదేం తప్పు టీచరమ్మా, వద్దన్నాయమ్మకు ఇన్నేండ్లు పెడతా వస్తిని’ అనె. తర్వాత, ‘మా భాను కూడా వద్దనె. నేనే ముక్కు పట్టుకుని గంజి పోసినా. గంజి గొంతులో ఉండంగానే పోయింది. ఊరికే పక్కన కూర్చోనుంటే సరిపోయేది’ అనె. పక్కన కూర్చుంటి, అంతే. తన ప్రాణం పోయేదాకా ఆమె దినామూ గుట్టెక్కుతానే ఉండె, వట్టి చేతులతో.

రేపు ఆ రాయి కాడ...

తినలేకపోతే వద్దులే తేజస్, ఆ తట్ట అట్లే పెట్టు. చాటలో రాగులు సగమే చెరిగి వచ్చినా, పోయి చూసుకుంటా.