మూత మీ దగ్గరుంది

హలో… ఆ, నేనే. ధరణి కాదండి, ఫోను తనదే. నేను, వీరరాఘవుల్ని… మీ మావగారిని, శ్రీహర్ష గారూ.

…లేదు లేదు, అందరూ బాగానే ఉన్నారు. అమ్మాయీ వాళ్ళమ్మా సరస్సు చుట్టూ నడవడానికెళ్ళారు. ఫోను ఇక్కడే వదిలేసింది.

…కారు స్పీకర్లో పెట్టారా. సరే.

ఏం లేదు, వాల్వు దొరికిందా అని.

…ఓహో. షాపుకి వెళ్ళలేదా. మరి ఎనిమిదింటికే బయల్దేరారుగా?

…బర్నబీయా? ఇంటికెళ్ళిపోతున్నారా?

…ఆఫీసు పనా. ఆదివారం.

సరే సరే. నేనేమీ అనలేదు.

ఒక్క చిన్న ఇబ్బందండీ. మూత మీ దగ్గరుంది. అదే, మన మోటార్‌హోమ్ బండి కింద, వాడిన నీళ్ళు పోయే పైపు చివర బిగించే మూత. షాపులో సైజు చూపించాలని పట్టుకెళ్ళారు… ఆ, పక్క సీట్లోనే ఉంటుంది, చూడండి.

…నేనా? బండి కింద పడుకున్నాను.

…అరచెయ్యండి. పైపుకి అరచెయ్యి అడ్డం పెట్టాను.

…ముప్పావుగంటయింది.

…పెట్టానండీ బకెట్టు. నిండిపోయింది. పదకొండింటికి ఈ క్యాంపు పార్కు చూసుకునే ఆవిడ వస్తానంది కదా, నేల మీద చుక్క పడితే బండి నిలిపిన ఈ సైటు ఖాళీ చెయ్యమంటానని. తెలుగులో చెప్పింది మీరేగా నాకు.

…వంటింటి నీళ్ళ ట్యాంకే లెండి. ఆ రెండోది, బాత్రూందయితే ఇంత తాపీగా మాట్లాడేవాణ్ణి కాదు.

…బండి లాక్కెళ్ళే టో ట్రక్కా? ఎందుకండీ ఇప్పుడు—

…బండి అమ్మేస్తారా.

…

నిన్న నేనన్న మాటకా?

అన్నాను. కాదనను. భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాను. చుక్క నీళ్ళు ఆపలేని బండి కొన్నవాడు సంసారం ఏం ఈదుతాడని.

…మీకు వినపడాలనే అన్నాను లెండి.

…మీ పెళ్ళికి రాలేదు. అదీ నిజమే.

…నాలుగేళ్ళు ఫోను కూడా చెయ్యలేదు. అవునండి. మీరన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

…

ఉన్నారా? కట్ చెయ్యకండి. ఒక్క నిమిషం.

…ఏం లేదు, ఫోను స్పీకర్లో పెట్టి పక్కన పడేసి, ఈ వాల్వు హ్యాండిలు లోపలికి తోస్తున్నా. ముప్పాతిక దాకా వస్తోంది, ఆ పైన కదలట్లేదు. మా కాలవ మీద షట్టరు ఇలా ఆగిపోయిందంటే షట్టరు పాడయినట్టు కాదు, గాడిలో ఏదో ఇరుక్కున్నట్టు. ముప్పయ్యొక్కేళ్ళు లస్కరు పని చేశాను, ఆ మాత్రం తెలీదూ!

పైపులో వేలు పెట్టి చూస్తున్నా.

…గ్లవ్సులా? మీరు పెట్టిన చోటే ఉన్నాయి. వేసుకోలేదు.

…ఆ చప్పుడా? నీళ్ళు. మొహం మీద పడ్డాయి. పర్లేదు, నిన్నటి చారు.

ఆఁ! దొరికింది. జారిపోతోంది… ఉండండి… వచ్చింది.

…

శ్రీహర్ష గారూ.

చింతపిక్క.

…అవునండి, చింతపిక్కే. ఇంకోటి కూడా ఉంది. వాటికి చుట్టుకుని కరివేపాకు ఈనె.

ఇప్పుడు తోస్తే… ఆ! టక్కున మూసుకుంది. చెయ్యి తీస్తున్నా… చుక్క లేదు.

…అయ్యో, మీ అత్తగారు కాదండీ. ఆవిణ్ణేం అనకండి. మొన్న రాత్రి సింకులో చింతపండు పిసికింది నేను. పులిహోర లేకుండా ప్రయాణమేమిటని పట్టుబట్టిందీ నేనే.

…జల్లెడా.

…మీరు సింకులో బిగించారు, నిజమే. నీళ్ళు మెల్లగా దిగుతున్నాయని నేనే ఊడదీశాను. సొరుగులో ఉంది, స్పూన్ల కింద.

…దాచలేదండీ.

…సరే, దాచాను.

నవ్వుతున్నారా?… కాదా. దగ్గా. సరే.

మా లాకుల దగ్గర తూముకి అడ్డం పెట్టిన జాలీ ఎవడైనా పీకాడంటే, వాడి మొహం చూసేవాణ్ణి కాదు వారం రోజులు. నిన్న మిమ్మల్ని అన్ని మాటలన్నాను కదా, తీరా చూస్తే పీకింది నేనే. సిగ్గుగా ఉందండీ నాకు. బండిది తప్పు లేదు. మీదీ లేదు. అందరూ కూర్చున్నప్పుడు ఈ రెండు పిక్కలూ బల్ల మీద పెట్టి ఇదే మాట మళ్ళీ చెబుతాను. జేబులో వేసుకున్నాను కూడా.

…పెళ్ళికి రాకపోవడం మాటా? దానికి చూపించడానికి పిక్కలేం లేవు. అది ఉట్టి మొండితనం. తప్పు నాదే.

…

…అవును, కారడం ఆగిపోయింది.

…వాల్వు అక్కర్లేదు.

…మూతా? దాంతో కూడా ఇప్పుడంత అవసరం లేదు లెండి.

అయినా రండి.

…ఎందుకంటే ఏం చెప్పమంటారు. మావగారు పిలిచాడు అనుకోండి. ఇంతకు ముందెప్పుడూ పిలవలేదుగా.

…

పులిహోర ఉంది. నిన్న మీరు ముట్టలేదని మీ వాటా తీసి దాచాను. అందులో పిక్కల్లేవు, భయపడకండి. అన్నీ ట్యాంకులోకే వెళ్ళాయి.

…అదేమిటండీ, టిక్కుటిక్కుమంటోంది?

…ఇండికేటరా. కారు ఎటు తిప్పుతున్నారు?

…

సరే. నేను బండి కింద నుంచి లేవాలి, పార్కావిడ వస్తోంది. మెల్లగా రండి, అల్లుడు గారూ. మూత జాగ్రత్త.