పక్కింటి ఓక్ చెట్టు

పార్సిప్పనీ, 1981 జూలై చివర. వీరాంజనేయులు ఇంటి పెరట్లో, అద్దెకు తెచ్చిన రంపం మెషిన్ గడ్డి మీద ఉంది. దానికి చెరో పక్కన అతనూ, భార్య సుమతీ.

“మళ్ళీ చెప్పండి, ఏ చెట్టు?”

“మన ఓక్ చెట్టే.”

“పచ్చగా ఉన్నదాన్నా?”

“ఆకులన్నీ ఇంటికప్పు అంచు గట్టర్‌లో పడుతున్నాయి. ఎవరు తీస్తారు?”

“ఈ ఇల్లు కొన్నప్పట్నుంచీ మీరే తీస్తున్నారు. ఒక్కనాడూ విసుక్కోలేదు.”

“ఇప్పుడు విసుగొచ్చింది. ఆ గ్లవ్స్ ఇటివ్వు.”

“ఇవ్వను. జూన్‌లో గొంగళి పురుగులు ఊరంతా మేసేసి, ఇది మోడై నిలబడ్డప్పుడు కొట్టలేదు. మళ్ళీ చిగురేసి నిండుగా ఆకు తొడిగాక కొడతారా?”

“నా చెట్టు, నా ఇష్టం.”

“రేపు పక్కింటి హెలెన్ వచ్చేస్తోందనా?”

“ఆవిడకీ దీనికీ ఏం సంబంధం?”

“కూతురింటి నుంచి బయల్దేరుతున్నానని పొద్దున ఫోన్ చేసింది. ఆ మాట చెప్పినప్పట్నుంచీ చూస్తున్నాను. కాఫీ అయినా తాగలేదు మీరు.”

“ఆవిడ కిచెన్ కిటికీలోంచి చూస్తే ముందు కనబడేది ఇదే.”

“కనబడితే?”

“మనదీ ఆవిడదీ పక్కపక్క చెట్లు సుమతీ. రెంటినీ ఒకే పురుగు తిన్నది. ఇది చిగురేసిందంటే అదీ వేసుండేది. చచ్చిపోయింది, కొట్టించేయమని చెప్పింది నేనేగా.”

“వాళ్ళాయన నాటిన చెట్టు పాపం.”

“తెలుసు.”

“కొట్టేరోజు కర్టెన్లు వేసుకుని లోపలే కూర్చుంది.”

“తెలుసన్నానుగా.”

“మీ ఆయన రైతుబిడ్డ, ఆయన మాట చాలు నాకు అంది. ఆ వారమే కూతురింటికి వెళ్ళిపోయింది, మిగిలిన మొద్దు చూడలేక. అయినా మీరేం చేస్తారు? దేశంకాని దేశపు చెట్టు. మళ్ళీ ఆకేస్తుందని మనకెలా తెలుస్తుంది?”

“మన ఊళ్ళో మునగ వేయదూ? పురుగు ఒక్క ఆకు మిగల్చకుండా తినేసినా, చినుకు పడితే చాలు, చిగురు.”

“అది మునగ. ఇది వేరు.”

“అంతేలే.”

“అయినా దీన్నొక్కదాన్ని కొట్టేస్తే దాగుతుందా? వీధి పొడుగునా ఓక్‌లన్నీ చిగురేశాయి.”

“అవి ఆవిడ కిటికీకి ఎదురుగా లేవు.”

“మెషిన్ వెనక్కి ఇచ్చేసి రండి. రేపు నేను వెళ్ళి చెబుతాను. మా ఆయన పొరబడ్డాడు, మన్నించమంటాను. ఉత్త చేతుల్తో ఏం వెళ్తాం, గోంగూర రెండు కట్టలు పట్టుకెళ్తాను. ఏటా ఆవిడ చెట్టు నీడకి మన మడి గిడసబారిపోయేది. ఈసారి ఎండ తగిలేసరికి నడుమెత్తు లేచింది.”

“గోంగూర తీసుకెళ్ళకు.”

“ఎందుకు?”

“వద్దన్నాను.”

“అదే, ఎందుకూ అని.”

“ఆ మెషిన్ బరువు, నువ్వు అవతలికి జరుగు.”

“జరగను. నా మొహం చూసి చెప్పండి. పొరబాటేగా?”

“చెట్టు బతుకుతుందా అని ఆవిడ నన్ను పిలిచి అడిగిందే, ఆ పొద్దున. ఆవిడ లోపలికి వెళ్ళి వచ్చేలోగా గోటితో దాని రెమ్మ బెరడు గీకి చూశాను సుమతీ. లోపల పచ్చగానే ఉంది.”