మూడో ఓటు

ఏంటమ్మాయ్, ఏమన్నావ్? ఈ సీటు ఎప్పుడూ మనదేనా? ఎవరు చెప్పారు తల్లీ నీకు? ఆ ప్రచారం కార్డుల కట్ట పక్కనపెట్టి ముందు కూర్చో. మేం హేల్స్‌బరో వచ్చిన కొత్తలో మన పార్టీ గాడిద గుర్తు పేరెత్తితే ఇరుగుపొరుగు తలుపేసుకునేవాళ్ళు. వాషింగ్టన్‌కి ఎవర్ని పంపినా అవతలి పార్టీ ఏనుగు గుర్తువాడే. ఫిలడెల్ఫియాలో ఉద్యోగం చేసి సాయంత్రం రైల్లో సూటు బూట్లతో ఇక్కడ దిగేవాళ్ళంతా ఆ పార్టీవాళ్ళే. నియోజకవర్గం గీతలు గీసేదీ వాళ్ళే, ఎటు వంచుకోవాలంటే అటు వంచేవాళ్ళు. మా బూత్‌లో వాళ్ళ పార్టీ తరఫున ఓట్లు చూసుకునేది ఎర్మా క్లింగర్. మేం సామాను దించకముందే యాపిల్ పై పట్టుకొచ్చింది మహాతల్లి. 'బాబూ వెండెల్, ఓటరుగా మన పార్టీలో పేరు రాయించుకో. చలికాలంలో మంచు తీసే బండి నీ గుమ్మం దాకా వస్తుంది' అంది. మా ఆవిడ లూసీల్ ఊరుకుంటుందా? 'మా ఇంట్లో రెండు పారలున్నాయండీ, మేమే తోడుకుంటాం' అనేసింది! అంతే, ఇరవయ్యేళ్ళు ఆ బండి మా పక్కింటి దాకా వచ్చి వెనక్కి తిరిగేది. నడిపేది ఎవరనుకున్నావ్? ఎర్మా మొగుడు హోమరే. చెయ్యి ఊపి మరీ వెళ్ళేవాడు, పుణ్యాత్ముడు.

ఆఁ, ఎక్కడున్నాను... ఓట్లు. పోలింగు ఫైర్‌స్టేషన్‌లో. గుమ్మం బయట ఎర్మా నీలాగే కార్డులు పంచుతూ నిలబడేది. వానొచ్చినా కదిలేది కాదు. లెక్కయ్యాక కాగితం ఆ తలుపుకే అంటించేవాళ్ళు. మా గుర్తుకి ఎప్పుడు చూసినా మూడే. నేనూ, లూసీలూ... ఆ మూడో మనిషెవరు? ఏళ్ళ తరబడి మా భోజనాల దగ్గర అదే గొడవ. పళ్ళ డాక్టరంటాను నేను. కాదు, చర్చిలో ఆర్గన్ వాయించే ఆయనంటుంది తను. పాపం, ఆయనకి ప్రతి క్రిస్మస్‌కీ కేకు కూడా పంపేది, తెలుసా!

తర్వాత ఎర్మాకి కీళ్ళవాతం ముదిరి వేళ్ళు కొంకర్లు పోయాయి. అప్పట్లో ఓటెయ్యాలంటే తెర వెనక్కెళ్ళి గుర్తు పక్కనున్న ఇనప మీట లాగాలి. ఆవిడవల్ల కాలేదు. అలాంటివాళ్ళు తమకి నచ్చినవాళ్ళని తోడు తీసుకెళ్ళొచ్చు. వాళ్ళ పార్టీ మగాళ్ళంతా 'నేనొస్తానత్తా, నేనొస్తా' అని ఎగబడ్డారు. ఆవిడ చుట్టూ చూసి, 'వెండెల్, నువ్వు రావయ్యా' అంది. ఫైర్‌స్టేషనంతా గొల్లున నవ్వింది. 'గాడిదోడి చేత ఏనుగుకి వేయిస్తుందిరోయ్!' అని. సర్లే, పెద్దావిడ అడిగింది కదా అని వెళ్ళా. తెర పడింది. ఏనుగు మీట మీద చెయ్యేశాను. మోచేత్తో ఒక్కటి పొడిచింది చూడూ! 'అది కాదయ్యా, నీది' అంది.

'ఎర్మా, ఒంట్లో బాగానే ఉందా?' అన్నాను. 'గట్టిగా అరవకు. మీ ఇంట్లో రెండు, మరి మూడోది ఎవరిదనుకున్నావ్? హోమర్‌ది టౌన్‌షిప్ ఉద్యోగం, అది మావాళ్ళ చేతిలోది. నేను బయట కార్డులు పంచకపోతే ఆ మంచు బండి స్టీరింగు ఇంకొకడి చేతికిస్తారు. ఈ తెర వెనక మాత్రమే నేను నేనయ్యా. మావాళ్ళని రానిస్తే వాళ్ళ మీటే లాగుతారు. హోమర్‌కి తెలిస్తే గుండాగి చస్తాడు, చెప్పకు' అంది. లాగాను. బయటికొచ్చామో లేదో, చంకలో కట్ట తీసి నా మొహాన ఓ కార్డు పెట్టి, 'వెండెల్, ఈసారైనా బుద్ధిగా ఓటెయ్యి!' అంది అందరి ముందూ. అమ్మమ్మమ్మా, ఏం మనిషి!

ఆ చలికాలమే ఎర్మా పోయింది. శవపేటిక మీద వాళ్ళ పార్టీ జెండా రంగుల పువ్వులే పువ్వులు. మాటిచ్చాను కదా, లూసీల్‌కి కూడా చెప్పలేదు. తర్వాతి ఎన్నికల్లో ఇద్దరం తలుపు దగ్గరికెళ్ళి కాగితం చూశాం. రెండు. లూసీల్ మండిపడింది. 'చూశావా, ఆ మూడోవాడు జారుకున్నాడు. పిరికిపంద!' అంది. నేను ఆ తలుపు పక్కన, ఎర్మా కార్డులు పంచుతూ నిలబడే చోటే చూస్తూ...

ఏదీ, ఆ కార్డు ఒకటి ఇలా ఇవ్వు తల్లీ.