మలుపులో ఇసుక

మూతబడ్డ గోదాము వెనక సిమెంటు నేల. అరువు తెచ్చిన మోటారుసైకిల్ మీద తమ్ముడు. సొంత బండి కొనేముందు నేర్చుకోవలసిందేనని పట్టుబట్టిన అక్క, పక్కనే.

"మళ్లీ ఆపు."

"ఇప్పటికి ఇరవైసార్లు ఆపానక్కా! బండి కొనేది నడపడానికా, ఆపడానికా?"

"ఆపడం రానివాడికి నడపడం దేనికి? రెండు బ్రేకులూ కలిపి వెయ్యి. ముందుది మెల్లగా నొక్కు, ఒక్కసారే బిగించకు."

"మెల్లగానే నొక్కాను."

"బిగించావు. మళ్లీ."

"నువ్వు నేర్పేసరికి నాకు పింఛనొస్తుంది. రేపు షోరూముకి వెళ్దామన్నావు…"

"ఆపడం వచ్చిన మర్నాడు వెళ్దాం. అదిగో, ఆ మలుపులో ఇసుకుంది. తిరగకముందే వేగం తగ్గించు. బండి వంగాక ముందు బ్రేకు ముట్టుకోకు."

"అదేం ఇసుక? రెండు గుప్పిళ్లు కూడా లేదు."

"చాలు."

"ఏంటీ?"

"జారడానికి అంత చాలు అంటున్నా."

"అక్కా, హ్యాండిల్ ఎందుకు పట్టుకున్నావు? వదులు."

"నువ్వు పడకుండా."

"ఆపి ఉన్న బండి మీంచి పడతారా ఎవరైనా? అసలు నీకివన్నీ ఎలా తెలుసు? ఎప్పుడూ బావ వెనక కూర్చునేదానివేగా."

"ఆయనే చెప్పేవాడు. ఇప్పటికీ చెబుతుంటాడు."

"ఇప్పటికీనా?"

"బట్టలారేస్తుంటే, గిన్నెలు తోముతుంటే. చెవి వెనక నుంచి. 'క్లచ్ మెల్లగా వదులు… మెల్లగా… భయపడకు, నేనున్నా' అని."

"బావ గొంతుతోనా?"

"అలా చూడకు. పిచ్చేం కాదు."

"అది కాదక్కా. అన్ని జాగ్రత్తలు తెలిసినవాడు, మరి తనెందుకు… నాన్న అన్నట్టు, దూకుడు—"

"ఆ మాటెత్తకు."

"బావ పోయిన దగ్గర్నుంచీ ఇంట్లో అందరూ అనేదేగా! దూకుడుగా పోయి పడ్డాడని."

"ఆయన ఏనాడూ నలభై దాటలేదు."

"మరి బండెలా పడింది? ఎవరడిగినా గుర్తులేదంటావు. ఐదేళ్లుగా అదే మాట."

"దిగు. కాసిని నీళ్లు తాగు."

"దిగను. ఒక్కటి చెప్పు. ఆ రోజు మీ ఇద్దరికీ ఉన్నది ఒక్కటే హెల్మెట్. అది నీకిచ్చాడు."

"ఊఁ."

"పెళ్లాం అంటే ప్రాణం కాబట్టి ఇచ్చాడంటుంది అమ్మ."

"అమ్మకి అలా అనుకోవడమే ఇష్టం."

"నాకదే అర్థం కాదు. ఒక్కటే ఉంటే నడిపేవాళ్లు పెట్టుకోవాలిగా? నీ తలకెందుకు పెట్టాడు?"

"నడిపేవాళ్ల తలకే పెట్టాడురా."