జహాజు మీద పథ్యం

"గాలి తిన్న సీమోనూ, గాలి! సముద్రం మీద పోయి గాలి తిను, తిండి తగ్గించు అని డాక్టరమ్మ సెప్పిందా లేదా? పొద్దున గాలి తిన్న, మాపున గాలి తిన్న. ఇంకేం తినలే."

నిజామాబాదు దవాఖానాలో, బొంబాయి నుంచి వచ్చి రైలు దిగీ దిగగానే బోధన్ చెరకు రైతు లింబయ్య పటేలు బల్ల మీద చతికిలబడ్డాడు. పక్కన భార్య గోదావరి, కాళ్ళ దగ్గర ట్రంకుపెట్టె. ఎదురుగా కంపౌండరు సీమోను స్పిరిటు దీపం ముట్టించి, లింబయ్య ఇచ్చిన సీసాను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"ఏం తినలేదా? మరి జిలేబీలో?" గోదావరి అందుకుంది.

"జిలేబీల పేరు ఎవలెత్తిండ్రే? నేనెత్తిన్నా?"

"నువ్వెత్తలే, నేనెత్తుతున్న. సీమోనూ, గీయన మాట పట్టుకోకు, నన్నడుగు. ఆరు దినాలు పక్కపొంటనే ఉన్న. కన్ను మలపలే."

"మీరే చెప్పుండ్రి అమ్మా. పటేలా, మీరు జర ఊకోండ్రి."

"నా ఉచ్చ, నా సీస, నన్నే ఊకోమంటవా?"

"మీ వేలు గూడ మీదే పటేలా. మీరు నిజం చెప్పకున్నా, మీ ఉచ్చ కలిపిన గీ నీలం మందు చెప్తది. కాగినంక గిట్లనే నీలంగ ఉంటే మంచిది. ఆకుపచ్చగ తిరిగితే జర చక్కెర ఉన్నట్టు. పసుపుగైతే శాన. ఇటుక రంగయిందంటే..."

"అయిందంటే?"

"ఆ కాలి బొటనవేలి పుండు ఇగ మానదు. డాక్టరమ్మ వేలు తీసేస్త అంటది."

"విన్నవా? బుద్ధి తెచ్చుకొని సెప్పు."

"ఏం సెప్పాలె? బొంబాయిల జహాజెక్కినం. ద్వారక పోయినం. మళ్ల బొంబాయి వచ్చినం. దేవున్ని సూసినట్టుంటది, గాలి తిన్నట్టుంటది."

"దేవుని దర్శనం మంచిగైందా?"

"గుంపుండె సీమోనూ. శాన గుంపు."

"గుంపు లేదు, గింపు లేదు. గుడి మెట్ల కాడికి పోయినం. ఇగ నాలుగడుగులేస్తే దేవుడు. గప్పుడు గీయన నిలవడి, 'జహాజుల రెండో గంట కొట్టే యాళ్లైంది' అన్నడు. నా సెయ్యి పట్టుకొని ఎనుకకు ఉరికిచ్చిండు."

"రెండో గంట అంటే?"

"తిండి గంట. దినాం అయిదు మార్లు కొడ్తరు. పొద్దున ఫలారం గంట, పగటీలి గంట..."

"లెక్క మంచిగ యాదికున్నది పటేలా మీకు."

"మరి టికెట్టులనే తిండి గలిపె ఆ జహాజు సేటు! ఎంత తిన్నా వద్దనేటోడు లేడు."

"వద్దనేటోడు లేకుంటే తినాల్నా?"

"తినలే అంటున్న గదా!"

"మొదటి దినం గంట కొట్టకముందే పోయి కూసున్నడు సీమోనూ. ఇంకా బల్లలు తుడుస్తున్నరు. తుడిచేటోడు 'జర లెవ్వు సేట్' అంటే లేస్తలేడు."

"వంటశాల శుభ్రంగ ఉన్నదో లేదో సూద్దామని పోయిన. బీమారి మనిషిని, నేను సూసుకోవద్దా?"

"సూసుకుంట పదకొండు పూరీలు ఏయించుకున్నడు."

"తొమ్మిది."

"తొమ్మిది! ఒప్పుకున్నడు, విన్నవా?"

"ఏయించుకున్న అన్న. తిన్న అన్ననా? ఏయించుకునుడు వేరె, తినుడు వేరె."

"తిన్నరా మరి?"

"ఎట్ల తింటడు, పక్కపొంట నేను లేనా? రెండు ఆయన ముందట ఉంచి తక్కినయన్ని గుంజుకున్న."

"మంచి పని చేసిండ్రు అమ్మా."

"ఇగ నాందేడు పంతులు సంగతి సెప్పు. సెప్పవు. నేనే సెప్త. మా బల్ల కాడ ఆత్మారాం పంతులని నాందేడు ఆయన, పాపం, నిమ్మళమైన మనిషి. గీయన కూసున్న కాడి నుంచి ఆయనకు పథ్యం సెప్పుడు వెట్టిండు. 'పంతులు గారూ, సగం కడుపు తినాలె, పావు కడుపు నీళ్లు తాగాలె, పావు గాలికి ఇడవాలె. తిండి మనల తినొద్దు, మనమే తిండిని తినాలె' అని."

"అది డాక్టరమ్మ చెప్పిన మాటే గదా."

"అగో! డాక్టరమ్మ మాటనే పది మందికి సెప్పిన. పుణ్యం గాదా? ఆయనకు తెలుగు సరిగ రాదు, నాకొచ్చిన మరాఠీల మల్లొక్కపారి సెప్పిన."

"పంతులు పాపం బెదిరిపోయి, తన ముందటి తీపి పెరుగు, గదే శ్రీఖండం గిన్నె అవుతలికి జరిపిండు. జరుపంగనే గీయన, 'అయ్యయ్యో, అన్నం పారేస్తరా పంతులు గారూ' అని తన దిక్కు గుంజుకున్నడు."

"పటేలా!"

"అబద్ధమెందుకు సీమోనూ, గిన్నె ఎత్తిన. మూతి దాక తెచ్చిన. యాలకుల వాసన ముక్కుకు తాకింది. గంతే. గప్పుడే..."

"గప్పుడే నేను గుంజుకున్న."

"పులి లెక్క దునికింది. పంతులు జడుసుకున్నడు. తెల్లారి ఆయన వేరె బల్లకు పోయిండు."

"నీ పథ్యం ఇనలేక పోయిండు!"

"కొట్లాడకుండ్రి. మందు వేడెక్కుతున్నది. నడిచిండ్రా పటేలా? దినాం పది చుట్లు నడువుమన్నది డాక్టరమ్మ."

"హా! గది అడుగు. పది గాదు, ఇరవై సుట్లు నడిచిన. అడుగు ఆమెనే."

"నడిచిండు. అది నిజం. ఇరవై నడిచిండు."

"విన్నవా కంపౌండర్ సాబ్? నా భార్యనే సాక్షి."

"ఏందిరా ఇంత బుద్ధి ఎట్లొచ్చింది అనుకున్న. సూస్తే, జహాజు సుట్టు తిరిగితే సుట్టుకోపారి వంటశాల కిటికి వస్తది. కిటికిలకెళ్లి ఒక సెయ్యి బయటికొస్తది. ఆ సేతిల జిలేబి ఉంటది."

"ఎవరి చెయ్యి?"

"వంటాయనది. మహరాజు అంటరు. గుజరాతాయన. గీయన పోయి ఆయనతోని దోస్తాని సేసిండు. బోధన్ల నాకు ముప్పై ఎకరాల సెరుకు ఉన్నదని, నీ పాకం నా పాకం ఒక్కటే అని..."

"పాకం ఎట్ల వడ్తరో అడిగిన. మా గానుగ కాడికి పనికొస్తదని. ఒక్కటి రుసి సూసిన. రుసి సూడకుంటే ఎట్ల తెలుస్తది?"

"ఎన్ని చుట్లకు దొరికిండ్రు?"

"నాలుగో సుట్టుకు. మీసాలకు పాకం. ఆ సుట్టు సంది ఆయన నడుస్తుంటే కిటికి కాడ నేను నిలవడ్డ. సెయ్యి వచ్చినప్పుడల్లా నేనే అందుకున్న."

"వంటాయనకు తెల్వలేదా?"

"ఆయనకేం ఎరుక? లోపలి నుంచి సెయ్యి కనవడుతదా, మూతి కనవడుతదా? ఎవలో ఒకలు తీసుకుంటున్నరు గదా అని ఇచ్చుకుంట పోయిండు."

"నేను పదహారు సుట్లు ఉత్తగనే తిరిగిన సీమోనూ! ఉత్తగనే!"

"అందుకే నడక మంచిగైంది పటేలా. ఇంకేమన్న ఉన్నదా?"

"ఇంకేం లేదు."

"ఉన్నది. తుఫాను సెప్పలే."

"తుఫానుల నేనేం జేసిన? తుఫాను నేను తెచ్చిన్నా?"

"నాలుగో దినం సముద్రం లేసింది సీమోనూ. జహాజు ఇటు మొగ్గుడు, అటు మొగ్గుడు. అరవై మంది మనుషులు కక్కుకుంట బొర్ల పడ్డరు. నేను గూడ. గంట కొట్టిండ్రు, ఒక్కలు లేవలే. పక్కకు సూస్త, గీయన లేడు. సముద్రంల పడ్డడేమో అని లేసి దేవులాడిన."

"ఎక్కడున్నరు?"

"యాడుంటడు? బల్ల కాడ. అంత పెద్ద గదిల ఒక్కడే."

"ఆ మహరాజు ఏడ్వవట్టిండు సీమోనూ! అరవై మందికి బాసుంది కాగవెట్టిండు. పొద్దటి సంది పాలు కలిపి కలిపి సేతులు పడిపోయినయట. ఒక్కలు రాలే. 'సముద్రంల పోయాల్నా సేట్' అని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నడు. మనిషి మనిషికి ఓదార్పు కావద్దా?"

"బాసుంది తాగి ఓదార్చిండ్రా?"

"ఓదారుద్దామని కూసున్న. కూసునే సరికి..."

"కూసునే సరికి ముందట మూడు గిన్నెలు! నాకు తల తిరుగుతుంది, కడుపుల దేవుతుంది. గోడలు పట్టుకుంట, పడుకుంట లేసుకుంట పోయిన. మూడు గిన్నెలు గుంజుకున్న."

"కడుపుల దేవుతుంటెనా?"

"మరి? నేను పోకుంటే గీయన వేలు పోదా?"

"ఊకోండ్రి. కాగింది. సప్పుడు చెయ్యకుండ్రి ఇద్దరు."

"ఏం రంగు? సీమోనూ, నా కండ్లు మసకలైతున్నయ్. గీయనది ఏం రంగు?"

"జర ఆగుండ్రి, సల్లారాలె... నీలం."

"ఏంది?"

"నీలం, పటేలా. పోసిన రంగు పోసినట్టే ఉన్నది. చక్కెర చుక్క లేదు."

"నీ సీస మంచిగ కడిగినవా సీమోనూ? గీయన మాయ సేసిండేమో సూడు!"

"ఏం మాయలే అమ్మా. నా కండ్ల ముందటనే గదా. గిగో, మీరు గూడ చూడుండ్రి."

"వేలు ఉంటదా?"

"పుండు గూడ ఎండింది, ఇందాక కట్టు ఇప్పి చూసిన. డాక్టరమ్మ వచ్చి చెప్తది గని, ఉంటది. ఏడ్వకుండ్రి అమ్మా, మంచి మాటకు ఏడుస్తరా?"

"ఏడుస్తలేను. కంట్ల రైలు బొగ్గు పడ్డది."

"సెప్పిన్నా లేదా? గాలి తిన్న అని సెప్పిన్నా లేదా! ఇగ బోధన్ పోయి సెప్త అందరికి. జహాజెక్కుండ్రి, గాలి తినుండ్రి, రోగం సముద్రంల కలుస్తది అని."

"పటేలా, ఒక్క నిమిషం. అమ్మా, ఒక మాట అడుగుత. గుంజుకున్న, గుంజుకున్న అంటిరి. గుంజుకొని ఏం చేసిండ్రు?"

"ఏం జేస్త? అన్నం లచ్చిమి. సముద్రంల పారబోస్తనా?"

"తిన్నరా?"

"తినక? యాడ దాసినా దేవులాడి తీస్తడు గీయన. నా కడుపు కన్న సాటు జాగ ఏడున్నది?"

"పూరీలు, శ్రీఖండం, జిలేబీలు..."

"బాసుంది గూడ. తాగిన, కక్కిన, మల్ల తాగిన. మూడు గిన్నెలాయె."

"ఇంటికాడ గూడ గిట్లనేనా?"

"ఇంటికాడ గంతే. రెండేండ్ల సంది, డాక్టరమ్మ తీపి బంద్ అన్నప్పటి సంది. ఎవలింట్ల పెండ్లయినా ఆయన ఇస్తరిల లడ్డు నాది. గానుగ కాడ కొత్త బెల్లం గడ్డ ఇస్తే నాది. నా పాలు నేను తినాలె, ఆయన పాలు గూడ నేనే తినాలె. నాకేమన్న శౌకా సీమోనూ? మింగవడకున్నా మింగుత."

"ఒంట్ల ఎట్లున్నది మీకు?"

"నాకేంది? రాయి లెక్కున్న. గని జహాజు దిగినా తల తిరుగుడు పోతలేదు. నోరు ఎండుతనే ఉంటది. రైలుల సెంబు మీద సెంబు తాగిన. ఉప్పు గాలి గుణమేమో."

"దూప జహాజు మీదనే మొదలైందా?"

"జహాజు మీద... కాదు. దసర సంది అనుకో."

"దసరకు మీరు సముద్రం చూడలేదు గదా అమ్మా."

"సూడలే."

"గీ సీస తీస్కోండ్రి. ఎనుక గది ఉన్నది, పోయి రాండ్రి."

"నాకెందుకయ్యా? బీమారి ఆయనది గదా."

"పోరాదే! నన్ను ఆరు దినాలు సూసినవ్. నిన్నొక్కపారి సూడనియ్యి."

గోదావరి సీసా తెచ్చి ఇచ్చి, నీళ్ళు తాగడానికి బయటి అరుగు మీదికి వెళ్ళింది. సీమోను దాన్ని మందులో కలిపి రెండో గాజు గొట్టం దీపం మీద పెట్టాడు.

"సీమోనూ, ఆకుపచ్చగైతున్నది ఏందది?"

"చూస్తున్న పటేలా."

"పసుపుగైంది. అది ఆగదా? ఆపు! దీపం ఆర్పు!"

"దీపం ఆర్పితే ఆగదు... ఇటుక రంగు."

"నీ మందు పాతదైంది."

"మీ దాంట్ల పోసిన మందే పటేలా."

"మల్లొక్కపారి సెయ్యి. నా కోసం సెయ్యి, కంపౌండర్ సాబ్."

"చేస్త... చూడుండ్రి. మళ్ల గదే. గింత చక్కెర ఆరు దినాలల్ల వచ్చేది గాదు. ఎప్పటి సందో ఉన్నది. ఇగ ఆమెను పథ్యంల పెట్టాలె."

"ఆమె ఉండదు."

"మీకు ఇంత పథ్యం చేయించింది, తను చెయ్యదా?"

"నీకు తెల్వదు. కాలుల ముల్లిరిగితే నెల దినాలు కుంటుకుంట తిరిగింది గని సెప్పలే. తన కోసమంటే పొద్దుగూకే వరకు మరుస్తది. అదే నాకంటే... నాకంటే ఇంట్ల బెల్లం గడ్డ లేకుండ సేస్తది. గానుగ గూడ బంద్ వెట్టిస్తది."

"ఏందయ్యా లోపల గుసగుసలు? ఏం రంగొచ్చింది నాది?"

"చెప్పాలె పటేలా. నేను దాచలేను. డాక్టరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్త."

"డాక్టరమ్మకు సెప్పు. ఎప్పుడు సెప్పాల్నో ఆమె సెప్తది. గీ ఒక్క దినం నోరు మూసుకో బిడ్డా, నీ కాళ్లు మొక్కుత."

"మీ వేలు పోతదని ఏడుస్తది ఆమె."

"ఏడ్వనియ్యి."

"పిలుస్తుంటే పలుకరేందయ్యా! ఏం రంగని అడుగుతున్న!"

"నీలం! నీది నీలమే గోదావరీ, ఇందాక నాది సరిగ కాగలే, మల్ల కాగవెట్టిండు. ఎర్రది నాది. పూరీలు తిన్న, శ్రీఖండం తిన్న, నువ్వు నిద్ర పోయినంక బాసుంది తాగిన... అన్నీ నేనే తిన్న! ఇగ మనింట్ల తీపి అన్నది ఉండొద్దట, ఎవ్వలు తినొద్దట, నా ముందట గూడ, నా సాటుకు గూడ!"