ఎర్ర డిస్కు, నీలం డిస్కు, నడుమ చెక్క అడ్డు

సినిమా డిస్కులు అద్దెకిచ్చి, వీడియో గేములు ఆడించే చిన్న కొట్టు. మధ్యాహ్నం, షట్టర్ సగం దించి ఉంది. లోపల ముగ్గురు: అక్క, అక్క మొగుడు, అక్క తమ్ముడు. మగవాళ్ళిద్దరికీ ఆర్నెల్లుగా మాటల్లేవు. నోరు మూసుకుని ఉండగలిగే రకాలు కారు కనుక, తిట్టుకోవాల్సినవన్నీ అక్క నోటితోనే తిట్టుకుంటున్నారు.

“…అది గేము పెట్టె కాదు, బండరాయి. మీ తమ్ముడికి చెప్పు. ఎత్తితే నడుం పట్టేస్తుంది, ఆన్ చేస్తే కొట్టంతా రొద.”

“వినపడిందిరా?”

“లేదక్కా. ఆయన మాటలు నాకు వినపడవు. నువ్వు చెప్పు.”

“బండరాయంటున్నారు.”

“ఆ బండరాయిలో కొత్త నీలం డిస్కు ఆడుతుందని చెప్పు బావకి. గేమూ దాన్లోనే, సినిమా దాన్లోనే. మరి ఆయన కొన్న ఎర్ర డిస్కుల మిషనో? గేముకి ఒక పెట్టె, సినిమాకి దాని పక్కన ఇంకో పెట్టె. ఇల్లు కొన్నవాణ్ణి తలుపులు విడిగా కొనుక్కోమన్నట్టు.”

“కావలసినవాడు కొనుక్కుంటాడు, అక్కర్లేనివాడు మానేస్తాడు. అదీ పద్ధతి. వీడిది ఎలా ఉందంటే, బండి కావాలయ్యా అని వెళ్తే గుర్రాన్ని కూడా కొనాల్సిందే అన్నట్టు.”

“బండికి గుర్రాన్ని కాకపోతే ఎవర్ని కడతాడట అక్కా? తననే కట్టుకుంటాడా?”

“అబ్బ! బండీ వద్దు, గుర్రమూ వద్దు. మీ ఇద్దరికీ చెరో కళ్ళెం కావాలి నాకు.”

“అసలు నీలం డిస్కులో ఏముందో చెప్పమను.”

“ఎక్కువ పడుతుందక్కా. ఎర్రదానికంటే చాలా ఎక్కువ.”

“గోనెసంచిలో ఇంకా ఎక్కువ పడుతుంది. సినిమా రెండున్నర గంటలేగా. మిగతా చోటులో ఏం నింపుతాడట, ఉల్లిపాయలా?”

“బొమ్మ చూడమనక్కా! హీరో మీసంలో ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టచ్చు.”

“ఎందుకురా? జనం సినిమా చూడ్డానికొస్తారా, క్షవరం చెయ్యడానికా?”

“బాగా అడిగావు. ఇంకోటి కూడా అడుగు. ఆ నీలం డిస్కు పెట్టాక సినిమా మొదలయ్యేలోపు మనిషి స్నానం చేసి రావచ్చా, లేదా?”

“బావ ఆ పని చేస్తే కొట్టుకే మంచిది.”

“చూశావా? చూశావా వాడి నోరు?”

“చూస్తూనే ఉన్నానండీ. ఆర్నెల్లుగా మీ ఇద్దరి నోళ్ళూ చూడ్డమేగా నా పని. ఇంతకీ మొదలెట్టిందెవరు?”

“వాడే! నా ఎర్ర డిస్కుల అరకి కాగితం అంటించాడు. ‘మ్యూజియం, ముట్టుకోరాదు’ అని. వచ్చినవాళ్ళందరూ చదివి నవ్విపోయారు.”

“అంతకుముందు నా గేము పెట్టె మీద ఎవరు మంచినీళ్ళ క్యాను పెట్టారో అడుగక్కా.”

“బల్ల అనుకున్నాను. అంతుంది మరి.”

“అక్కా, నే చెప్తున్నా, ఇంకొక్క మాటంటే…”

“ఇంకొక్క మాట కూడా అనకండి ఇద్దరూ. మరి నా తెల్ల గేము పెట్టె సంగతేంటి? చిన్నదీ, చేత్తో పుల్ల పట్టుకుని ఊపేదీ?”

“ఛీ, అదో బొమ్మ. దాన్లో సినిమానే ఆడదు.”

“గేము కూడా కాదక్కా అది. ఈగలు తోలుకోవడం.”

“ఆ మాటొక్కటి మాత్రం సరిగ్గా అన్నాడు, చెప్పు వాడికి.”

“నిన్న సాయంత్రం ఆ ఈగలు తోలుకోవడానికే ఆడవాళ్ళు గుమ్మం దాకా వరసకట్టారు. టైలరమ్మ అయితే చెప్పులు వదిలేసి మరీ ఊపింది. మీ రెండు బండరాళ్ళ ముందు ఎవరున్నారో చెప్పనా? టేబుల్ ఫ్యాను.”

“…”

“…”

“ఆహా. ఇంత ప్రశాంతంగా ఉండి ఎన్నాళ్ళయిందో.”

“సరేగానీ, ఆ వడ్రంగి ఎప్పుడొస్తానన్నాడు?”

“వస్తాడు. చెక్కలు ఎంచుకోడానికి వెళ్ళాడు. ఏవండీ, నిజంగానే కొట్టు మధ్యలో అడ్డు కట్టించేస్తారా? ఇదే అగ్గిపెట్టంత ఉంది.”

“కట్టించాల్సిందే. అటు నీలం, ఇటు ఎర్ర. వాడి మొహం నాకు కనపడకూడదు.”

“అడ్డెందుకక్కా, దండగ. ఇప్పుడు నువ్వు పెట్టే పరీక్ష అయ్యాక ఓడినవాడు బయటికే పోతాడు. ఏ డిస్కు ఏదో కంటితో పోల్చుకోలేనివాడికి ఈ వ్యాపారం ఎందుకు? సినిమా హాలు పక్కన గేముల షాపువాడు నన్నెప్పట్నించో రమ్మంటున్నాడు. నేనోడితే ఈ సాయంత్రమే పెట్టె సర్దుకుంటా.”

“సర్దుకోమను. నేనోడితే నేనూ ఇంట్లో కూర్చుంటాను. ఈ గుమ్మం తొక్కను. ఒట్టు.”

“ఒట్లేంటండీ మధ్యలో? ఒరే, నువ్వు కూడా నోరు కట్టేసుకో. అమ్మ పోయినప్పుడు నిన్ను ఇంటికి తెచ్చుకుంటే, అప్పటికింకా నా కాళ్ళ పారాణి ఆరలేదు. ఈయనేమైనా అన్నాడా? సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకుని బడికి దింపాడు. ఈరోజు డిస్కు రంగు కోసం పెట్టె సర్దుకుంటావా?”

“నేనేం మర్చిపోలేదక్కా.”

“మర్చిపోతే బావుండేది. గుర్తుండీ ఇలా ఉన్నావు. నాకు ఎర్ర గెలిచినా ఒకటే, నీలం గెలిచినా ఒకటే. ఒకరు తిని లేచాక ఇంకొకరు వస్తారు. రెండు పూటలా రెండుసార్లు వడ్డించలేక చస్తున్నాను. మీ ఇద్దర్నీ ఒక్కసారి పక్కపక్కన కూర్చోబెట్టి తినిపిస్తే చాలు నాకు.”

“సెంటిమెంటు తర్వాత. ముందు పరీక్ష పెట్టు.”

“పెడతాను. ఒకే సినిమా, ఎర్రదీ ఉంది, నీలందీ ఉంది. మిషన్లన్నీ బల్ల కింద పెట్టి దుప్పటి కప్పేశాను. నేను డిస్కు మార్చేటప్పుడు ఇద్దరూ గోడవైపు తిరగండి. మూడుసార్లు చూపిస్తాను. మూడూ అయ్యేదాకా తప్పొప్పులు చెప్పను. ఊఁ, తిరగండి.”

“కళ్ళజోడు తుడుచుకోమనక్కా. తర్వాత మసగ్గా ఉందని ఏడవకుండా.”

“నా కళ్ళకేం? ముప్పొద్దులా గేములాడి గాజుకళ్ళయ్యాయి వాడివి.”

“తిరగమన్నానా! ఇద్దరూ… ఆ. ఇప్పుడు చూడండి. ఇది మొదటిది.”

“ఆగు, మాట్లాడకు. ఆ చెట్ల మధ్య చీకటి చూడు. ఆ నీడలో నీడ తెలుస్తోంది. ఇది ఎర్రది. నాదే.”

“నవ్వొస్తోందక్కా. ఇంత స్పష్టంగా ఉంటే ఎర్రదెలా అవుతుంది? నీలం. మీసం చూడు, మీసం!”

“మీసం వదిలెయ్‌రా బాబూ. ఆయన ఎర్రన్నారు, నువ్వు నీలమన్నావు. గోడవైపు తిరగండి. తొంగి చూడద్దు… రెండోది.”

“ఇది నీలం. మీ తమ్ముడిది.”

“అంత ఖాయంగా ఎలా చెప్తారండీ?”

“ఆ అమ్మాయి మొహం చూడు. మైనం బొమ్మలా నున్నగా ఉంది. ఇందాకటి కంటే వేరు. నేను తప్పు చెప్పను, కళ్ళు మూసుకుని చెప్తా.”

“కళ్ళు మూసుకునే చెప్తున్నాడక్కా! ఇది ఎర్రది. ఇంత గలీజుగా ఇంకేముంటుంది? నా డిస్కులో అయితే ఆ ముక్కుపుడక తళుక్కుమనేది.”

“సరే, మళ్ళీ తిరగండి. మూడోది, ఇదే ఆఖరు. చూసి చెప్పండి. ఒట్టేసుకున్నారు, గుర్తుంచుకోండి.”

“ఎర్రది.”

“నీలం.”

“ఎర్రదే. మొదటిసారి చూపించిందే ఇది. ఆ చీకట్లో నీడ, అదే.”

“నీలమే! నా పేరు మార్చుకుంటా.”

“మీరు మాట మార్చరుగా?”

“మార్చను. తేల్చు. పోవాల్సినవాడు ఇప్పుడే పోతాడు.”

“నేనూ మార్చను. చెప్పక్కా.”

“ఉండండి, టీవీ కట్టేస్తాను. ఈ వైర్లొకటి… ఆ. ఇద్దరూ ఓడారు.”

“ఇద్దరా? ఇద్దరూ ఎలా ఓడతారు? నేను ఎర్రంటే వాడు నీలమన్నాడు. ఎవడో ఒకడు గెలవాలిగా!”

“అవునక్కా, లెక్క తప్పుతోంది నీకు.”

“దుప్పటి తీస్తున్నా, చూడండి. దేని మీద లైటు వెలుగుతోంది?”

“…పాత డీవీడీ మిషన్ మీద.”

“ఇంక దేని మీదైనా వెలుగుతోందా?”

“లేదు.”

“అదీ సంగతి. ఎర్రా లేదు, నీలమూ లేదు. మన టైలరమ్మ తీసుకెళ్ళే పాత డీవీడీనే మూడుసార్లూ చూపించాను. మీరు ఆర్నెల్లుగా మొహాలు తిప్పుకున్నది దీనికోసం. ఏరా, మీసం లెక్కపెట్టావుగా, ఎన్నొచ్చాయి?”

“అక్కా, ఆ ట్రే తెరువు. చూద్దాం.”

“తెరుచుకో. నువ్వే తెరువు. తెరిచి ఆ డిస్కు చేత్తో పట్టుకుని, వీధిలోకి వెళ్ళి అందరికీ చూపించు, నా ప్రతాపం ఇదీ అని. తెరవవేం?”

“…వద్దులే.”

“మీరు తెరుస్తారా?”

“ఎందుకింక? ఉన్న పరువు చాలు.”

“తప్పెవరిదో ఇప్పటికైనా తెలిసిందా?”

“టీవీ.”

“ఏమన్నారు?”

“ఈ టీవీదే తప్పు అంటున్నా. ఇంత డబ్బా మీద ఎర్రేంటి, నీలమేంటి? ఏది పెట్టినా ఒకలాగే ఏడుస్తుంది.”

“అవును బావా. నేను మొదట్నించీ అనుకుంటూనే ఉన్నా, టీవీ చిన్నదని.”

“చిన్నదే కాదురా, పాతది కూడా. దీని మీద పరీక్ష పెట్టడమే తప్పు.”

“అక్కకేం తెలుసు బావా? ఈగలు తోలుకునే పెట్టె పెట్టుకుని పెద్ద జడ్జీ అయిపోయింది.”

“ఆ, బాగా అన్నావు. మీ అక్క పెళ్ళయినప్పట్నించీ ఇంతే.”

“తిట్టండి నాయనా, తిట్టండి. ఇద్దరూ కలిసి తిడుతున్నారు, అంతే చాలు.”

“పెద్ద టీవీ ఉంటే గానీ తేలదు బావా. ఆ పక్క గోడంత వస్తుంది. మరి అడ్డు కడితే ఎక్కడ పెడతాం?”

“అడ్డూ లేదు, గాడిదగుడ్డూ లేదు. బండి తియ్యి. షోరూముకి వెళ్ళి చూసొద్దాం.”

“ఇప్పుడే బయటికి తీస్తా, రా బావా.”

“ఏవండీ, మీరు వెళ్ళరా? ఏంటలా నిలబడిపోయారు?”

“ఏం లేదు. వాడు బయటికి పోయాడుగా, నీకొక్కదానికే చెప్తున్నా. నాకు తేడా కనపడిందే. నిజంగా కనపడింది. రెండోసారి మార్చావనుకున్నాను. ఒట్టేసి చెప్పేవాణ్ణి.”

“ఊఁ.”

“ఇరవయ్యేళ్ళుగా తెర చూసి బతుకుతున్నాను. క్యాసెట్టు అరిగితే ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేవాణ్ణి, గుర్తుందా? ఈ కళ్ళే నన్ను మోసం చేస్తే ఎలా?”

“వయసొస్తోందండీ. అందరికీ వస్తుంది.”

“అంతేనంటావా?”

“అంతే. వెళ్ళండి, వాడు హారన్ కొడుతున్నాడు.”

బండి వెళ్ళిపోయింది. షట్టర్ కింద నుంచి వంగి వడ్రంగి లోపలికి వచ్చాడు.

“అమ్మా, చెక్కలు దొరికాయి. అడ్డు ఏ పక్కకి రావాలో చూపిస్తే కొలుచుకుంటాను.”

“వద్దు మేస్త్రీ. అడ్డు లేదు. చెక్కలు వెనక్కిచ్చెయ్.”

“అదేంటమ్మా! నిన్నటిదాకా ఉప్పూ నిప్పూలా ఉన్నారుగా. అవును, ఇప్పుడు ఒకే బండి మీద పోతున్నారే! పందెం అన్నారు, ఎవరు గెలిచారు?”

“ఇద్దర్నీ ఓడించాను. కొత్తవని చెప్పి పాత డీవీడీ చూపించాను.”

“ఎంత పని చేశారమ్మా! అందుకా సారు అలా ఉన్నారు?”

“ఎలా ఉన్నారు?”

“బండి వెనకాల కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, పెట్టుకుంటారు, మళ్ళీ తీస్తారు. నన్ను చూసి బండి ఆపించి, ఇక్కడ మంచి కంటి డాక్టరు ఎవరున్నారని అడిగారు.”

“అడిగారా?”

“అడిగారమ్మా. పాపం, మొహం ఇంతయిపోయింది. సారు కళ్ళకి ఏమైందమ్మా?”

“ఏం కాలేదు మేస్త్రీ. ఆయన ఎదురుగా నిలబడి అడుగుతుంటే నిజం నాలిక చివరిదాకా వచ్చింది. చెప్తే నా తమ్ముడు పెట్టె సర్దుకునేవాడు. అందుకే మింగేశాను.”

“చెప్పడానికేముందమ్మా? పాత డిస్కేగా పెట్టింది?”

“దుప్పటి తీసే ముందు కొత్త మిషన్లు కట్టేసి ఆ పాతదాని లైటు వెలిగించాను, అంతే. దాన్లో అసలు డిస్కే లేదు. మూడుసార్లూ మా ఆయన చెప్పిందే నిజం.”