నాలుగో రేకు

"గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు గానీ, ఈ ఆస్పత్రిలో గుండె స్కానింగంతా నా చేతి మీదే నడుస్తోందయ్యా," అన్నాడు స్కానింగాయన, గేటు ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద కాలు మీద కాలేసుకుని. "మొన్నీమధ్య నాలుగేళ్ల పాపని తెచ్చారు. పుట్టుకతోనే గుండె చప్పుడు తేడాగా ఉందట. ఛాతీ మీద జెల్ రాసి ప్రోబు పెట్టానో లేదో, గుండెలో తలుపులా తెరుచుకుని మూసుకునే వాల్వు మిషను తెర మీదికొచ్చేసింది. నీకైనా నాకైనా ఆ వాల్వుకి మూడే రేకులు. పాపకి నాలుగు. కోటికొకరికి కూడా ఉండదు. రెప్పపాటులో పట్టేశాను. డాక్టరమ్మ నోరు వెళ్లబెట్టింది."

"అంత చిన్నపిల్ల కదలకుండా పడుకుందా?" అన్నాడు టీ కొట్టాయన.

"నా చెయ్యి పడితే తుఫానైనా పడుకుంటుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు ఒక తాతగారు, ఆయనకి ఐదు రేకులు. ఆ పై వారం ఒక పెళ్లికొడుకు, పదకొండు. వాల్వు కాదయ్యా అది, చామంతి పువ్వు."

"వాసన కూడా వచ్చిందా?" అన్నాడు మందుల షాపాయన.

"వెక్కిరించకు. ఇంకోరోజు కరెంటు పోతే, వరండాలో నిలబడి ప్రోబు గోడకి ఆనించాను. అవతల గదిలో రోగి గుండె ఇవతలికి కనబడింది."

"కరెంటు లేకుండా తెర ఎలా వెలిగింది?"

"తెరెందుకు, నా కళ్లు లేవూ? నిన్న బస్సులో పోతుంటే, పక్క బస్సులో ఒకాయన వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదని కిటికీలోంచి కేకేసి చెప్పాను. ఇప్పుడు మిషనే నన్ను అడుగుతుంది, 'గురువుగారూ, ఇది రంధ్రమా, నీడా' అని."

అందరూ నవ్వారు. బల్ల చివర ఒడిలో కవరు పెట్టుకుని కూర్చున్నతను మాత్రం నవ్వలేదు.

"ఆ నాలుగేళ్ల పాప మా అమ్మాయేనండీ," అన్నాడు.

"అదిగో, సాక్షి కూడా దొరికాడు. చెప్పు బాబూ, వీళ్లకి బుద్ధొచ్చేలా."

"మీరు చూసినంతసేపూ అది ఏడుస్తూ విదిలించుకుంటూనే ఉందండీ. బొమ్మ అదిరి ఒక రేకు రెండుగా కనబడిందట. ఇవాళ డాక్టరమ్మ నిద్రపుచ్చి మళ్లీ చూశారు. మూడే ఉన్నాయి. ఆ చప్పుడు కొందరు పిల్లల్లో మామూలేనట, గుండెకి ఏ లోటూ లేదన్నారు." కవర్లోంచి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ పందొమ్మిది రోజులూ దాన్ని మెట్లు కూడా ఎక్కనివ్వలేదండీ. ఎత్తుకునే తిప్పాం. రాత్రుళ్లు ఊపిరి ఆడుతోందా అని వాళ్లమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది."

స్కానింగాయన మెల్లగా కాలు దించాడు. రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"పాప ఎక్కడుంది బాబూ?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అదిగో, గేటు దగ్గర. వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుని, పందొమ్మిది రోజుల పరుగు ఒకేసారి పరిగెడుతోంది."